దారుగర్భ పరీక్ష: ఆఫ్రికా కొయ్యప్రతిమలు, మన్యపు వేల్పులు

దారుశబ్దము దౄ ధాతువునుండి వచ్చినదని వైయాకరణులు చెప్పుదురు. విదారణము, అనగా చీల్చుట, ఆ ధాతువునకు అర్థము. ఉణాదులలో సాను, జాను, చారు శబ్దములను సాధించిన సూత్రమే దారుశబ్దమును కూడ సాధించును. చీల్చబడునది గనుక దారువు. కొయ్య గర్భమున నేమున్నదో తెలియవలెనన్నచో దానిని చీల్పవలసినదే యను లోకానుభవము ఆ పేరులోనే యిమిడియున్నది. ఎక్స్‌రే కిరణములు బయటపడువఱకు ఈ నియమము చెక్కుచెదరలేదు. ఇప్పుడు చీల్పకయే చూచు సాధనము వచ్చినది. ఐరోపా, అమెరికాలలోని మ్యూజియములు ఆఫ్రికాఖండమునుండి చేరిన కొయ్యప్రతిమలను, ముఖకవచములను సి.టి. స్కానర్లలో నుంచి వాని లోపలి స్వరూపమును పరిశీలించుచున్నవి. పారిస్ నగరములోని కే బ్రాన్లీ మ్యూజియము 2015లో ఇట్టి స్కానింగు చిత్రములతో ఒక ప్రదర్శనమునే ఏర్పాటు చేసినది. ఈ పరీక్ష యెట్లు జరుగును, దానివలన ఏమి తెలియును, ఏది చూడదగినది, ఏది చూడదగనిది అను ప్రశ్నలలో కడపటిదియే కష్టమైనది.

మణుగూరు పరిసరములవారికి ఇది దూరదేశపు ముచ్చటగా తోచవచ్చును. కాని గోదావరికి ఈ యొడ్డున మణుగూరు, పినపాక మొదలు ఆ యొడ్డున దుమ్ముగూడెము, చర్ల వఱకు గల కోయపల్లెలలో డోళ్లు, కొమ్ముల శిరోభూషణములు, వేల్పుల గుర్తులు నేటికిని వాడుకలో నున్నవి. గిరిజనుల వస్తువులు హైదరాబాదులోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియమునందును, భద్రాచలములోని గిరిజన మ్యూజియమునందును భద్రపఱుపబడినవి. నేడు ఆఫ్రికా ప్రతిమకు జరుగు పరీక్ష రేపు కోయడోలునకును జరుగవచ్చును. పైగా కిరణపరీక్ష అను మాట ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. భారజల కర్మాగారముల వంటి పెద్ద కర్మాగారములలో గొట్టముల అతుకులను కోయకుండ, లోపలి పగుళ్లను ఎక్స్‌రే కిరణములతోను గామా కిరణములతోను పట్టుదురు. లోహమునకు చేయు పరీక్షనే ఇక్కడ కొయ్యకు చేయుచున్నారు. ఇంకొక సంగతి. మణుగూరు గనులలో త్రవ్వు బొగ్గు కూడ ఒకనాటి చెట్టుచేమలే. అవి పెరిగిన కాలమున, అనగా ఇరువదియైదు ముప్పది కోట్ల సంవత్సరములకు పూర్వము, ఈ భూమియు ఆఫ్రికాయు ఒకే ఖండముగా నుండెను. ఆ యఖండభూమికి భూగర్భశాస్త్రజ్ఞులు గోండుల పేరుమీదుగా గోండ్వానా యని పేరిడిరి. కోయభాష గోండీకి దగ్గఱి చుట్టము. కావున ఆఫ్రికా కొయ్యకును మన్యపు కొయ్యకును చుట్టఱికము కలుపుట కేవలము కవిసమయము కాదు.

స్కానింగు అను మాట రెండు వేర్వేఱు పనులకు వాడబడుచున్నది. మొదటిది బాహ్యరూప గ్రహణము. కాంతిరేఖలను వస్తువుపై ప్రసరింపజేసియో, పలుదిక్కులనుండి వందలకొలది ఛాయాచిత్రములు తీసియో, వస్తువు ఉపరితలమును మిల్లీమీటరులో భాగము వఱకు కొలిచి కంప్యూటరులో ప్రతిరూపము నిలుపుదురు. ఇది చిత్రకారుని పనివంటిది, కంటికి కనబడుదానినే చూపును. రెండవది అంతర్దర్శనము. ప్రస్తుత విచారము ప్రధానముగ దీనినిగుఱించియే.

1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరమున రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. ఎక్స్‌రే చిత్రమునకు ఒక లోపము కలదు. వస్తువులోని ముందువెనుకల భాగములన్నియు ఒకదానిపై నొకటి పడి ఒకే నీడగా కనబడును. తాటాకుల కట్టను వెలుగున కడ్డముగా పట్టి చూచినచో అన్ని ఆకుల అక్షరములును కలగాపులగమైనట్లు. ఏ ఆకున నేమున్నదో విడదీసి చదువు ఉపాయమే సి.టి. స్కానింగు. కిరణములను పుట్టించు సాధనమును, వానిని గ్రహించు సాధనమును వస్తువుచుట్టు త్రిప్పుచు వందలకొలది దిక్కులనుండి నీడలను సేకరింతురు. ఆ నీడలనుండి గణితముచే ఒక్కొక్క పొరను వేఱుచేయుదురు.

ఈ గణితము మొదట ఆఫ్రికాలోనే మొలకెత్తినదను విషయము తఱచుగా మఱుగున పడుచున్నది. అలన్ కార్మాక్ 1924లో జోహాన్నెస్‌బర్గున పుట్టెను. 1956లో కేప్‌టౌను విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా నుండి, అచటి గ్రూట్ షూర్ ఆస్పత్రిలో కొంతకాలము పనిచేయుచు, శరీరములోని వివిధభాగములు కిరణములను ఎంతెంత పీల్చునో బయటినుండి కొలుచు మార్గమును ఆలోచించెను. 1957లో అతడు చేసిన మొదటి పరీక్షకు వస్తువు మనిషి కాదు, జంతువు కాదు. నడుమ అల్యూమినియము దిమ్మ, దానిచుట్టు కొయ్యవలయము. గామా కిరణములను దానిగుండ పంపి లెక్కకట్టగా, కేంద్రమునకు సమీపమున నున్న మూడు బిందువులు మాత్రము తక్కినవానితో కలియక కొంచెము ప్రక్కకు నిలిచినవి. కర్మశాలలో విచారింపగా ఆ అల్యూమినియము నడుమ వేఱు రకపు అల్యూమినియముతో చేసిన చిన్న మేకు ఇమిడియున్నదని తేలినది. వస్తువును తయారుచేసిన పనివానికి తప్ప వేఱెవ్వరికిని ఆ సంగతి తెలియదు. కొయ్యయు లోహమును కలిసిన ఆ మొదటి వస్తువులోనే దాచియున్నదొకటి బయటపడుట గమనింపదగినది. 1963, 1964లలో ప్రకటించిన ఆ వ్యాసములను అప్పుడు పట్టించుకొన్నవారు లేరనియే చెప్పవచ్చును. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ వేఱుగా ఈ పని సాధింపగా, 1971లో మొదటిసారిగా ఒక రోగికి పరీక్ష జరిగినది. 1979లో ఇరువురికిని కలిపి నోబెల్ బహుమాన మీయబడినది.

హౌన్స్‌ఫీల్డ్ పేరుతో ఒక కొలమానము కలదు. అందు నీటికి సున్న, గాలికి సున్నకు దిగువన వేయి. నీటిపై తేలు కొయ్య ఈ రెంటికి నడుమ నుండును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి వంటి తేలిక కొయ్య గాలివైపునకు మొగ్గును, టేకు నీటివైపునకు మొగ్గును. టాంజానియా, మొజాంబిక్ దేశములలో మకొండె శిల్పులు చెక్కు నల్లకొయ్య నీట మునుగును గనుక సున్నకు పైన నిలుచును. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఆ నల్లకొయ్యయు మన అడవులలోని జిట్రేగియు ఒకే డాల్బెర్జియా వర్గమునకు చెందినవి. కావున సంఖ్యను చూచి కొయ్యజాతి నిర్ణయింపలేకపోయినను, రెండు వేర్వేఱు కొయ్యలను అతికినచోట ఆ భేదము దాగదు. సీసము, పాదరసము గల రంగులు, ఇనుపమేకులు మెఱయుచు కనబడును. మేకులు మిక్కిలిగా నున్నచో వానినుండి చారలు పుట్టి చిత్రమును చెఱచును. అప్పుడు పరీక్షకుని సామర్థ్యముకంటె ఓరిమి ఎక్కువ పనికివచ్చును.

పరీక్ష హాని చేయదను మాట సాధారణముగ సత్యమే. కొయ్య వయస్సును నిర్ణయించు కార్బను పరీక్షకు ఈ కిరణములవలన బాధ లేదు. కాని వస్తువులో కాల్చిన మట్టి యున్నచో, దాని కాలమును ఉష్ణదీప్తిచే నిర్ణయించు పద్ధతి తరువాత తప్పుదారి పట్టవచ్చును. పరీక్షల క్రమమును ముందే ఆలోచింపవలెను.

ఇక ఏమి తెలియును? చెట్టు పెరుగుదల వలయములున్నచో అవియు, నడుమనున్న దవ్వ, కొమ్మలు పుట్టినచోట ముడులు స్పష్టముగా కనబడును. ముడి దవ్వయొద్ద సన్నగా మొదలై బయటికి పోవుకొలది వెడల్పై, కొమ్మ పెరిగిన తీరున పైకి వాలియుండును. దానినిబట్టి దుంగలో మొదలేది, చివరయేది అని చెప్పవచ్చును. శిల్పి చెట్టును నిలువుగానే ప్రతిమగా మలచెనా, తలక్రిందులు చేసెనా అనునది తెలియును. వరాహమిహిరుని బృహత్సంహిత చదివినవారికి ఇది సామాన్యవిషయము కాదు. ప్రతిమకొఱకు అడవిలో ప్రవేశించు విధిని చెప్పుచు, చెట్టును నఱకుటకు ముందే దాని దిక్కులను, పైక్రిందులను గుర్తుపెట్టవలెననియు, ప్రతిమను చెట్టు నిలిచినట్లే నిలుపవలెననియు అతడు విధించెను. ఆ చెట్టున వసించు భూతములు వేఱుచోటికి తరలవలసినదని రాత్రి పూజచేసి ప్రార్థించి, మఱునాడు ఉదయమున గొడ్డలి పెట్టవలెను. శ్మశానమున, పుట్టమీద, దేవాలయమున, నదీసంగమమున మొలచినవి, పిడుగు పడినవి వర్జ్యములు. చీల్చిన దారువునందో శిలయందో కనబడు మండలముల రంగును బట్టి లోపల నేమి గర్భమున్నదో ఊహించు సంప్రదాయమును కూడ మన శాస్త్రములు ఎఱుగును. మంజిష్ఠవర్ణమైనచో కప్ప, పసుపువన్నెయైనచో ఉడుము అని చెప్పబడినది. నేటివారు నవ్వవచ్చును. కాని ప్రతిమ చెక్కుటకు ముందు దారుగర్భము శుద్ధమా కాదా యని పరీక్షించుట శిల్పధర్మమని పెద్దలు నిశ్చయించిరి. సి.టి. యంత్రమడుగు మొదటి ప్రశ్నయు అదియే.

లోపలి ఖాళీలన్నియు మనుష్యుడు చేసినవి కావు. ఇచట ఘుణాక్షరన్యాయము స్మరింపదగినది. పురుగు కొయ్యను తొలుచుకొని పోగా ఆ గీత యాదృచ్ఛికముగా అక్షరాకృతి దాల్చును. పురుగునకు అక్షరజ్ఞానము లేదు. స్కానింగు చిత్రములో పురుగుదారులు, చెదతొఱ్ఱలు, ఎండుటవలన కలిగిన పగుళ్లు అన్నియు నల్లగా కనబడును. వానిలో శిల్పి దాచిన గదిని పోల్చుట అభ్యాసమువలన వచ్చును. ఉలి చేసిన ఖాళీకి తిన్నని గోడలుండును. ఉలిదెబ్బల వరుస కనబడును. దానిని మూసిన బిరడాలో నార నడక చుట్టునున్న కొయ్య నారతో కలియదు. పురుగు తొలిచిన దారి వంకరలు పోవుచు, పొట్టుతో నిండియుండును. ఈ వివేకము లేక ప్రతి రంధ్రమునందును రహస్యమును చూచువాడు పురుగు వ్రాసినదానికి భాష్యము చెప్పువాడగును. అట్టి భాష్యములు ప్రాచ్యవిద్యలో మాత్రము కొదువయా?

నిజముగా దాచినది దొరకినప్పుడే అసలు చిక్కు. ఆఫ్రికా పశ్చిమతీరమున కోంగో జనుల ‘న్కిసి’ అను ప్రతిమలు దీనికి ప్రసిద్ధోదాహరణము. శిల్పి చెక్కిన కొయ్యబొమ్మ న్కిసి కాదు. ‘న్గంగా’ అను మాంత్రికవైద్యుడు దాని కడుపునందో శిరస్సునందో గల గుంటలో ‘బిలోంగో’ అను ద్రవ్యములను, అనగా సమాధుల మట్టి, తెల్లసుద్ద, విత్తనములు, గోళ్లు మొదలగువానిని నింపి, బంకతో మూసి, పైన అద్దపుముక్క పొదుగును. అప్పుడే దానికి శక్తి కలుగునని వారి నమ్మకము. కొన్ని ప్రతిమల యొడలినిండ ఇనుపమేకులుండును. పూర్వపు ఐరోపావారు వానిని హింసాచిహ్నములని భ్రమపడిరి. ఒప్పందమో ప్రమాణమో ఫిర్యాదో చేసినప్పుడు ఒక్కొక్క మేకు దిగగొట్టబడును. బొమ్మయే ఆ జనుల దస్తావేజు.

మ్యూజియములకు చేరిన పెక్కు న్కిసిల గర్భము శూన్యముగా నున్నది. కొన్నిటిని అమ్ముటకు ముందు వారే ద్రవ్యములను తీసివేసిరి, కొన్నిటిలోనివి పరులచేత తొలగింపబడినవి. కొన్ని మాత్రము నేటికిని నిండియున్నవి. స్కానింగు ఈ భేదమును తెరవకయే చెప్పగలదు. ఆగమములు తెలిసినవారికి దీని గౌరవము వెంటనే బోధపడును. జీర్ణోద్ధారణమున పాతబింబమును కదల్చుటకు ముందు కలాకర్షణము చేసి, అందలి శక్తిని కుంభమునకు, కుంభమునుండి బాలాలయబింబమునకు చేర్తురు. శక్తి తొలగిన పిదప జీర్ణమైన దారుబింబమును అగ్నికిని, శిలాబింబమును జలమునకును అర్పింపవలెనని విధి. మ్యూజియమను గతి ఆగమకర్తలకు తట్టలేదు. అగ్నికిని జలమునకును చెందవలసినది గాజుపెట్టెలో నున్నప్పుడు, అది కలాకర్షణము జరిగిన కొయ్యయా, జరుగని దేవతయా అను ప్రశ్నకు శాస్త్రమున సిద్ధమైన సమాధానము లేదు. శూన్యమైన న్కిసి కలాకర్షణము జరిగిన బింబము వంటిది. నిండియున్నది అట్టిది కాదు.

పూరీక్షేత్రమునందలి నవకళేబరము దీనికి దీపము పట్టును. వేపదారువుతో క్రొత్తమూర్తులు సిద్ధమైన తరువాత, పాతమూర్తులనుండి బ్రహ్మపదార్థమును వానిలోనికి మార్చు దైతలు కన్నులకు గంతలు కట్టుకొని, చేతులకు వస్త్రము చుట్టుకొని ఆ పని చేయుదురు. 1996లోను 2015లోను అట్లే జరిగినది. చేయువానికే చూచు అధికారము లేదు. ఇచట నిషేధము దేనిమీద? మూర్తిని విప్పుటమీద కాదు, విప్పుట విధియే. చూపుమీద. ఇంతకాలము విప్పుటయు చూచుటయు ఒకటిగా నుండినవి గనుక, విప్పరాదను కట్టడిలో చూడరాదను కట్టడియు ఇమిడియుండెను. స్కానింగు ఈ రెంటిని విడదీసినది. వస్తువునకు గీటైనను పడలేదు, కావున దోషము లేదు అను మ్యూజియము వారి సమాధానము చీల్చుటనుగుఱించిన ప్రశ్నకు చెల్లును. చూపునుగుఱించిన ప్రశ్నకు చెల్లదు. చెక్కుటకు ముందు దారుపరీక్ష విహితము, ప్రతిష్ఠానంతరము అధికారి యనుమతితోనే. ఈ భేదమును పాటించుటకు యంత్రజ్ఞానము అక్కఱలేదు.

ఆ యధికారి యెవరు? వస్తువు ఎవరి బీరువాలో నున్నదో వారా, ఎవరు దానిని ప్రతిష్ఠించిరో వారి సంతతియా? 1892లో ఫ్రెంచి సేనలు దహోమీ రాజధానియైన అబోమీనుండి కొనిపోయిన వస్తువులలో 26 ఫ్రాన్సు ప్రభుత్వముచే 2021 నవంబరులో బెనిన్ దేశమునకు తిరిగి ఈయబడినవి. రాజుల దారుప్రతిమలు, సింహాసనములు, రాజగృహపు తలుపులు అందు కలవు. అంతకు మూడేండ్ల ముందు, 2018లో, సెనెగల్ పండితుడైన ఫెల్విన్ సార్, ఫ్రెంచి విదుషి బెనెడిక్ట్ సవోయ్ తమ నివేదికలో ఆఫ్రికా వస్తువులను తిరిగి ఇచ్చుటతోపాటు, వాని కంప్యూటరు ప్రతిరూపములు అందఱికిని అందుబాటులో నుండవలెనని సూచించిరి. ఉదారమైన మాటయే. కాని 2019లో వందకు పైగా పండితులు సంతకములు చేసి దీనికి అభ్యంతరము తెలిపిరి. ప్రతిరూపము తీయవలెనా, తీసినదానిని ఎవరు చూడవలెను అను నిర్ణయము కూడ వస్తువుగల జనులదే యని వారి వాదము. వస్తువును తిరిగి ఇచ్చి, దాని గర్భచిత్రమును తమయొద్దనే యుంచుకొని లోకమునకు పంచుట సగము దానము. ఈ విషయమున అభ్యంతరము చెప్పినవారి పక్షమే బలమైనది.

మన్యమునకు దీనిని అన్వయించినచో రెండు తరగతుల వస్తువులు స్పష్టముగా వేఱగును. దుంగను తొలిచి చేసిన డోలు మొదటిది. దాని గోడ ఎచట ఎంత మందము, తొలుచుట ఏ వైపునుండి సాగినది, దుంగలో దవ్వ నడుమనున్నదా ప్రక్కకున్నదా, పగులు ఎచట మొదలైనది అనునవి స్కానింగువలన తేలినచో, క్రొత్తడోలు చేయువానికి పనికివచ్చును. పాత డోళ్ల నాదమునకు కారణము కొంతవఱకు అందు దొరకవచ్చును. ఇట్టి పరీక్షకు అడ్డు చెప్పవలసిన పని లేదు. చిత్రములు ఆంగ్లములో వ్యాసమై పోవుటతో సరిపెట్టక, కొలతలు తెలుగులో ఆ యూరికి చేరవలెను.

రెండవ తరగతి వేల్పులకు సంబంధించినది. వీనిని ఎల్లవేళల బయట నుంచరు. కొలుపులనాడు, జాతరలనాడు తగినవారు మాత్రమే తీయుదురు. ములుగు అడవులలోని మేడారమున రెండేండ్లకొకసారి సమ్మక్క చిలకలగుట్టనుండి కుంకుమభరిణె రూపమున వచ్చును. కోయపూజారులగు వడ్డెలు తప్ప అన్యులు ఆ చోటికి పోరాదు. తల్లి గుట్ట దిగునప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి పేల్చి గౌరవము తెలుపును. లక్షలాది జనము, ప్రభుత్వము, ఆయుధములు అన్నియు అచటనే యుండును. ఆ భరిణెను చూపుమని యెవ్వరును అడుగరు. అట్టి వస్తువు ఏ కారణముచేతనో మ్యూజియమునకు చేరెననుకొన్నచో, గుట్టదిగువన చెల్లిన మర్యాద గాజుపెట్టెయొద్ద చెల్లకుండుటకు హేతువు కనబడదు.

మ్యూజియము చిట్టాలలో వస్తువు పేరు, కొలత, కొయ్య, కొన్న తేది వ్రాయుటకు గడులుండుట పరిపాటి. వానిప్రక్కన మఱియొక గడి యుండుట అవసరము: ఇచ్చినవారు దేవతను దించి ఇచ్చిరా, దింపక ఇచ్చిరా, ఆ సంగతి చెప్పినవారెవరు. ఆ గడి ఖాళీగా నున్న వస్తువును యంత్రమున నుంచుటకు ముందు, అది వచ్చిన యూరికి ఒక మనుష్యుని పంపి, వడ్డెనో పెద్దనో అడిగి వ్రాసికొని రావలెను. డోలునకైనచో ఒక్కపూటలో ముగియు పని. వేల్పునకైనచో జాతర వచ్చువఱకు ఆగుమని వారు చెప్పవచ్చును.